స్తంభం చాటు బెంచీ

ఆఫీసు నుంచి,
ప్లాన్లు గీసే బల్ల మీద, టీ కప్పు పక్కకి జరిపి

అక్కయ్యకి,

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మెట్లెక్కొద్దని డాక్టరు మొత్తుకుంటున్నా ప్రతి ఆదివారం క్వయర్ వాళ్ళ మెట్లెక్కి మరీ పాడుతున్నావట. పాడు. ఎవరో వద్దంటే వినే రకానివి కాదు కదా.

అసలు సంగతికొస్తాను. శుభవార్త. మీ చర్చిలో వెనక ఎడమవైపున్న ఆ దిక్కుమాలిన స్తంభాన్ని పీకేయించబోతున్నాను.

కథంతా నీకు తెలిసిందే. అయినా ఎవరిముందైనా అక్కసు వెళ్ళగక్కుకోవాలి కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. నేను కట్టిన మొదటి చర్చి అది. మీసాలు కూడా సరిగ్గా రాని వయసు. ఒక్క స్తంభం లేకుండా పైకప్పంతా గీశాను. తీరా సగం కట్టాక, గంట ఇస్తానన్న దాత మనసు పెద్దది చేసుకుని, చెప్పినదానికి రెట్టింపు బరువున్న గంట తెచ్చి దించాడు. వద్దనడానికి నోరెవరికుంది? గంట గూడు కింద ఓ లావుపాటి స్తంభం నిలబెట్టక తప్పలేదు. అది నడిచే దారి అంచున వచ్చేలా లెక్క వేశాను. లెక్కలో తప్పు లేదు. కొలత గోడ లోపలి వైపు నుంచి తీసుకోవాల్సింది, బయటి వైపు నుంచి తీసుకున్నాను. గోడ మందమంతా తేడా కొట్టింది. స్తంభం వెళ్ళి సరిగ్గా ఒక బెంచీ ముందు నిలబడింది. ఆ బెంచీ అయినా తీసేద్దామంటే అప్పటి పాస్టరు గారు, "ఉండనివ్వు బాబూ, ఎవరో ఒకరు కూర్చుంటారులే" అన్నారు. అందులో కూర్చున్నవాళ్ళకి ఇంతవరకూ ఏ పాస్టరు మొహమూ కనపడలేదు.

ఆ తర్వాత జీవితమంతా చర్చిలే కట్టాను. కొండ వాలు మీద ఒకటి, ఓడరేవు పక్కన ఒకటి, ఆస్పత్రి ఆవరణలో ఎవరు తుమ్మినా అందరూ ఉలిక్కిపడేంత చిన్నది ఒకటి. ఎందులోనూ స్తంభమన్న మాటే లేదు. "స్తంభాల్లేని చర్చిల ఆయన" అని పేరు కూడా పడింది. ఆ పేరు ఎందుకొచ్చిందో నీకూ నాకూ తెలుసు. ఇప్పుడు మిల్లు కార్మికుల కాలనీలో కడుతున్నది ఆఖరుది. అది పూర్తయ్యాక ఆఫీసు బోర్డు దించేస్తాను. దించేలోపు ఆ మొదటిదాన్ని సరిచేసి పోవాలి. అంతకు మించి నాకు కోరికల్లేవు.

పైన ఉక్కు దూలం వేస్తే గంట బరువు రెండు పక్కలా గోడలు మోస్తాయి. స్తంభాన్ని హాయిగా కోసేయొచ్చు. ప్లాను పాస్టరు గారికి పంపాను. నువ్వు కమిటీలో ఉన్నావు కనక వాళ్ళ చేత ఊ అనిపించే పూచీ నీది.

నీ తమ్ముడు


ఇంటి నుంచి,
వంటగది కిటికీ దగ్గర

ఒరేయ్ కొలబద్దా,

ఆ పేరుతో పిలిస్తే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. ఏం చేయను? చిన్నప్పుడు నాన్న స్కేలు పట్టుకుని మంచం, తలుపు, కుక్క తోక, ఆఖరికి నిద్రపోతున్న నాన్న మీసం కూడా కొలిచి తన్నులు తిన్నవాడివి. అన్నీ కొలిచినవాడు ఆ ఒక్క గోడ దగ్గర తప్పాడంటే, నీకు దిష్టి తగిలిందనే నేను అందరికీ చెబుతుంటాను.

నీ ప్లాను వచ్చింది. రంగులు బాగా వేశావు. చర్చిలో మనుషుల్ని కూడా గీశావు చూడు, అందరూ సన్నగా, పొడుగ్గా, ఒక్కరికీ పొట్ట లేకుండా! మా సంఘం వాళ్ళు అది ఏ ఊరి చర్చి అని అడిగారు.

కమిటీ కూర్చుంది. మా పద్ధతి తెలుసుగా. చర్చి కట్టడంలో ఒక్క మేకు పీకాలన్నా కమిటీలో అందరూ చెయ్యెత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా అది ఆగిపోతుంది. కిటికీలకి కొత్త రంగు వేయడానికే మాకు రెండు వానాకాలాలు పట్టింది. నీ ప్లాను చూసి పాస్టరు గారు తెగ మెచ్చుకున్నారు. ట్రెజరర్ చెయ్యెత్తాడు, క్వయర్ మాస్టరు ఎత్తింది, వాచీలు బాగుచేసే ఆయన నిద్రలోనే ఎత్తాడు. ఒక్క చెయ్యి లేవలేదు. అందుకని వచ్చే నెలకి వాయిదా పడింది.

ఇంతకీ ఆ బెంచీ ఖాళీగా ఉంటుందనుకుంటున్నావేమో. నా మొహం! దానికి ఉన్నంత గిరాకీ ముందు వరసకి లేదు. పసిపిల్లల తల్లులు అక్కడే. ఆలస్యంగా వచ్చేవాళ్ళు అక్కడే. కొత్తగా పెళ్ళి కుదిరినవాళ్ళు అక్కడే. ఆమధ్య పాస్టరు గారితో మాట పట్టింపు వచ్చిన దర్జీ, ఆరాధన మానలేక, ఆయన మొహం చూడలేక, ఆరు నెలలు అక్కడే కూర్చున్నాడు. మేం వాళ్ళని స్తంభం పార్టీ అంటాం.

మోకాళ్ళు ఉన్నాయి. అంతవరకే చెప్పగలను.

అక్క


ఆఫీసు నుంచి,
ఇంజనీరు వెళ్ళిపోయాక

అక్కయ్యా,

ఎవరే ఆ చెయ్యెత్తని మనిషి?

నాకు రెండ్రోజులుగా అన్నం సహించడం లేదు. ఫీజు లేదు, దూలం ఖర్చు నాదే, రంగులేసిన ప్లాను ఇచ్చాను. ఇంకేం కావాలట? వాచీలాయన కాదని నువ్వే రాశావు. ఆ రిటైరయిన పోస్టుమాస్టరు అయ్యుంటాడు. పైకప్పుకి తారు వేయించినప్పుడు కూడా వాసనొస్తోందని నానా రభస చేసింది ఆయనే కదా. ఎవరైనా సరే, వట్టి మొండిఘటం. కట్టడాల గురించి ఓనమాలు తెలియని వాళ్ళని కమిటీల్లో వేస్తే ఇలాగే ఉంటుంది. వెళ్ళి నా మాటగా చెప్పు, ఆ బుర్రలో ఉన్నది మెదడో, సున్నమో ఒకసారి చూపించుకొమ్మని.

ఇక్కడ మిల్లు కాలనీ చర్చికి పైకప్పు పడింది. నా అలవాటు నీకు తెలుసుగా. బెంచీలు రాకముందే, బెంచీ వచ్చే ప్రతి చోటా ఓ పీట వేసుకుని కూర్చుంటాను. వేదిక దగ్గర మేస్త్రీని నిలబెట్టి పేపరు చదివిస్తాను. ప్రతి పీట మీదా ఆయన మొహం కనపడాలి, మాట వినపడాలి. ఇవాళ పొద్దుట నుంచి సాయంత్రం దాకా కూర్చుని లేచి కూర్చుని లేచి, నాకూ నీ మోకాళ్ళే వచ్చాయి. మేస్త్రీ పాపం వధూవరుల ప్రకటనలతో సహా చదివేశాడు. ఎక్కడ కూర్చున్నా ఆయన మీసం స్పష్టంగా కనిపించింది.

అన్ని చర్చిల్లోనూ ఇది చేశాను, మీ దాంట్లో తప్ప. అందుకే చెబుతున్నాను, ఆ మొండిఘటాన్ని ఎలాగైనా ఒప్పించు.

తమ్ముడు


ఇంటి నుంచి,
వరండాలో, ఎండ పోకముందే

ఒరేయ్ కొలబద్దా,

నీ ఉత్తరం చదివి తెగ నవ్వుకున్నాను. పోస్టుమాస్టరు గారిని అనవసరంగా ఆడిపోసుకోకు. ఆయన రెండు చేతులూ ఎత్తాడు. ఒకటి చాలండీ అని పాస్టరు గారే దింపించారు.

చెయ్యెత్తని మనిషి సంగతి అడిగావు. ఏం చెప్పమంటావు? నువ్వన్నది అక్షరాలా నిజం. వట్టి మొండిఘటం. వయసు మీద పడింది, నోరు మాత్రం తగ్గలేదు. కట్టడాల గురించి ఓనమాలు రావు. ఇంట్లో వాళ్ళు కూడా ఆ బుర్రతో వేగలేక చచ్చారని చెప్పుకుంటారు. నువ్వు చెప్పమన్న మాట చెప్పాను. నవ్వి ఊరుకుంది ఆ శాల్తీ.

అది సరే గానీ, నీకింత తొందర ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. అమ్మ దొంగా! బోర్డు దించేలోపు సరిచేయాలి, ఇంకే కోరికా లేదు అని బైరాగిలా రాస్తే నిజమే కాబోలనుకుని కళ్ళు కూడా తుడుచుకున్నాను. మొన్న మా మరదలు రాసింది. మీ ఆర్కిటెక్టుల సంఘం వాళ్ళు నీ చర్చిలన్నిటి మీదా ఫొటోల పుస్తకం వేస్తున్నారట. వానలు తగ్గాక ఫొటోలు తీసే అమ్మాయి మా చర్చికి కూడా వస్తోందట. మొదటి పేజీ మాదేనట. "స్తంభాల్లేని చర్చిల ఆయన" పుస్తకం తెరవగానే అంత లావు స్తంభం కనిపిస్తే పరువేం కానని నీకు నిద్ర పట్టడం లేదట. గుండెల మీద చెయ్యి వేసుకుని, "అది చెట్టు నీడ అని రాయించొచ్చా?" అని నిద్రలో కలవరించావట కూడా. ఆఖరిది మరదలే కల్పించిందేమో తెలియదు, కానీ నేను నమ్మేశాను.

ఈ మాట నాకు ముందే చెబితే నీ నోట్లోంచి ముత్యాలేమైనా రాలిపోయేవా?

అక్క


మిల్లు కాలనీ నుంచి,
ఇసక కుప్ప పక్కన కుర్చీ వేసుకుని

అక్కయ్యా,

సరే. ఒప్పుకున్నాను. పుస్తకం నిజమే. మొదటి పేజీ కూడా నిజమే. చెట్టు నీడ మాత్రం మీ మరదలి సొంత కవిత్వం.

సిగ్గేసి చెప్పలేదే. నువ్వు ఏడిపిస్తావని తెలుసు, ఏడిపించావు. కానీ ఒక్క మాట ఆలోచించు. ఈ వృత్తిలో నాకు పిల్లలన్నా, ఆస్తులన్నా ఆ చర్చిలే. వాటన్నిటినీ ఒక్కచోట చూసుకునే అవకాశం జీవితంలో ఒక్కసారి వచ్చింది. పుస్తకం తిప్పే ప్రతి కుర్రాడూ మొదటి పేజీలోనే నా తప్పు చూసి నవ్వుతాడు. అప్పుడు సరిచేయడానికి నాకు తెలివి చాలలేదు, ఇప్పుడు చాలింది. ఒక్క చెయ్యి అడ్డమంటే ఎంత కష్టంగా ఉంటుందో నువ్వే చెప్పు.

నీ వల్ల కావడం లేదు కాబట్టి పాస్టరు గారికే నేరుగా రాశాను. ఆ మనిషి ఎవరో చెబితే స్వయంగా వచ్చి కాళ్ళు పట్టుకుంటానని. నా వయసులో వంగడం కష్టమే, అయినా వంగుతాను.

నీకు మోకాళ్ళకి ఓ తైలం పంపుతున్నాను. వాసన భరించలేవు, కానీ పని చేస్తుంది.

తమ్ముడు


ఆఫీసు నుంచి

అక్కా,

పాస్టరు గారి జవాబు వచ్చింది. "కాళ్ళు పట్టుకునేంత దూరం దేనికండీ, మీ అక్కగారేగా" అని రాశారు.

నేను మొండిఘటం, సున్నం అని రాస్తుంటే నువ్వు అవునవునని తాళం వేశావు. అందరి ముందూ నన్నో వెర్రివాణ్ణి చేశావు. అది పోనీ, నవ్వుకో. కానీ నా కోరిక ఇదొక్కటేనని నీకంటే బాగా ఎవరికీ తెలియదు. ముందు వరసలో, వెలుతురులో నిలబడి పాడేదానివి, వెనక ఆ చీకటి బెంచీతో నీకేం పని? కారణం ఉంటే చెప్పు. లేకపోతే తమ్ముడి మీద పంతమని చెప్పు, అర్థం చేసుకుంటాను.

తైలం వాడు.


ఇంటి నుంచి,
మీ బావ కుర్చీలో కూర్చుని

తమ్ముడూ,

కొలబద్ద అనడం లేదు చూడు, నీకు నిజంగానే కోపం వచ్చిందని నాకర్థమైంది.

మొండిఘటం అని నీ చేత తిట్టించుకున్నానంటే సరదాకే. చెప్పాలని రెండుసార్లు కలం పట్టుకున్నాను. రాయడం చేతకాక నవ్వులాటలోకి దింపేశాను. ఇప్పుడు రాస్తాను, చదువు.

మీ బావ చనిపోయిన ఏడాది గుర్తుందా? నీకు ప్రతి ఉత్తరంలోనూ, "బాగానే ఉన్నాను, ఆదివారం ఆదివారం పాడుతున్నాను, పాస్టరు గారు నా గొంతు ఇంకా పదునుగానే ఉందన్నారు" అని రాసేదాన్ని. అన్నీ కోతలే. ఆ ఏడాదంతా నేను ఒక్క పాటా పాడలేదు.

మొదటి ఆదివారం ముందు వరసలోనే కూర్చున్నాను. అందరూ మంచివాళ్ళే. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకునేవాళ్ళు. పట్టుకుని వాళ్ళే ఏడిచేవాళ్ళు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళని ఓదార్చలేక నా ప్రాణం పోయేది. పాస్టరు గారు ప్రసంగంలో మరణం అనే మాట రాగానే నా వైపు చూసి నాలిక్కరుచుకునేవారు. ఆయన చూడగానే చర్చంతా చూసేది. రెండో వారం ఇంట్లోంచి బయల్దేరి సగం దారిలో వెనక్కొచ్చేశాను. మూడోవారం వెళ్ళి నీ స్తంభం వెనక కూర్చున్నాను.

అక్కడ ఎవరూ కనపడరురా. నువ్వూ ఎవరికీ కనపడవు. పాట వినిపిస్తుంది, ప్రార్థన వినిపిస్తుంది, మొహం మాత్రం నీ సొంతం. ఏడిస్తే ఏడవచ్చు, ఏడుపు రాకపోతే, ఈవిడకి ఏడుపైనా రావడం లేదేంటని ఎవరూ అనుకోరు. గంట కొట్టేది మీ బావే కదా. ఆయన తర్వాత ఎవరో కుర్రాడు కొడుతున్నాడు, తాడు పట్టుకోవడం కూడా రాదు వాడికి. గంట మోగినప్పుడల్లా ఆ స్తంభం సన్నగా వణుకుతుంది. నీకు తెలుసా? చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. నేను తల ఆన్చేదాన్ని. నేనొక్కదాన్నే కాదు, అక్కడ సున్నం మీద తలలు ఆన్చి ఆన్చి ఓ మరక పడింది. ప్రతి ఏడూ వెల్ల వేస్తారు, నాలుగు నెలలకి మళ్ళీ అదే మరక.

నా పక్కన కూర్చునేవాళ్ళు నన్నేమీ అడిగేవారు కాదు. అదే అక్కడి పద్ధతి, ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. దర్జీ ఒకసారి తన రుమాలు నా వైపు జరిపి అటు తిరిగి కూర్చున్నాడు. ఏడాది అయ్యాక ఓ ఆదివారం పాట మధ్యలో నా గొంతు దానంతటదే కలిసింది. దర్జీ లేచి దారి ఇచ్చాడు, ముందుకెళ్ళమని. వెళ్ళాను. ఇప్పటిదాకా అక్కడే ఉన్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు అన్నీ వదిలేసి వచ్చేస్తావని. వచ్చి నా మొహం కొలుస్తావని.

అందుకే నా చెయ్యి లేవలేదు. ఆ స్తంభం తీసేస్తే ఇప్పుడక్కడ కూర్చుంటున్న వాళ్ళు ఎక్కడికి పోతారు? బేకరీ ఆవిడ కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆవిడ రోజూ నవ్వుతూ రొట్టెలమ్ముతుంది. ఆదివారం అక్కడ కూర్చుంటుంది.

నువ్వు కట్టిన వాటిల్లో ఏది గొప్పదో నాకు తెలియదు. నన్ను బతికించింది మాత్రం నువ్వు తప్పుగా కొలిచిందే. కోపం ఉంటే ఉంచుకో. తైలం రాస్తున్నాను, కుక్కలు కూడా మా గేటు దగ్గరికి రావడం మానేశాయి.

అక్క


ఇంటికొచ్చాక,
పెట్టె ఇంకా విప్పకుండానే

అక్కయ్యా,

ఆదివారం ఊడిపడ్డాను, భోంచేశాను, మీ వీధి గుంతల గురించి మాట్లాడి బండెక్కేశాను. నువ్వు ఏదో అడగబోయి ఆగావు. భోజనాల బల్ల దగ్గర చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

చెప్పకుండా రావడం స్తంభాన్ని చూడ్డానికే. నీ ఉత్తరం చదివాక కూడా నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. బేకరీ ఆవిణ్ణి ఇంకో చోట కూర్చోబెట్టొచ్చు, పక్కన ఓ చిన్న గది కట్టొచ్చు అని బండిలో కూర్చుని గీసుకుంటూ వచ్చాను. బండి ఆలస్యమైంది. ఆరాధన మొదలైపోయింది. ఆలస్యంగా వచ్చినవాడికి ఖాళీగా కనిపించింది ఆ బెంచీయే.

ఒకావిడ జరిగి చోటిచ్చింది. చేతులకి పిండి వాసన. ఏమీ అడగలేదు. నేను అలవాటు కొద్దీ అటు వంగి ఇటు వంగి పాస్టరు గారి మొహం కోసం చూశాను. కనపడలేదు. కాసేపటికి వెతకడం మానేశాను. ఆ కాసేపట్లోనే ఏమైందో తెలియదు, ఏడుపొచ్చింది. మామూలుగా కాదు, భుజాలు కదిలేంత.

నీకు రాయలేదు గానీ కొన్ని నెలలుగా నాకు భయంగా ఉందే. మిల్లు కాలనీది అయిపోతే మర్నాడు పొద్దున లేచి ఏం చేయాలో తెలియదు. కొత్త కాగితం బల్ల మీద పరుచుకోకుండా నేనెప్పుడూ ఉండలేదు. మీ మరదలి ముందు, ఆఫీసులో కుర్రాళ్ళ ముందు, "అమ్మయ్య, ఇక హాయిగా విశ్రాంతి" అని ఊదరగొడుతున్నాను. స్తంభం, పుస్తకం అని అందరి తలకాయలూ తిన్నది కూడా ఆ భయంతోనే అనిపించింది. సరిచేయడానికి ఇంకొకటి మిగిలుందనుకుంటే పని ఉన్నట్టే కదా.

ఇన్నేళ్ళలో ఎన్నో చర్చిలు కట్టాను. ప్రతి ప్రారంభానికీ ముందు వరసలో దండ వేసి కూర్చోబెడితే, పైకప్పు కీళ్ళు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. నేను కట్టినదాంట్లో నేను ఊరికే కూర్చున్నది అదే మొదటిసారి. గంట మోగింది. చెయ్యి ఆనించి చూశాను. వణుకుతోంది.

తమ్ముడు


ఇంటి నుంచి,
మోకాళ్ళు చాపుకుని

ఒరేయ్ కొలబద్దా,

నాకేం తెలియదనుకున్నావా? రెండో పాట మధ్యలో స్తంభం పక్క నుంచి పొడుచుకొచ్చిన బూటు చూశాను. అంత అందవికారమైన బూటు మన వంశంలో నీ ఒక్కడికే ఉంది. బూటు కదలడం చూసి భుజాలు కదులుతున్నాయని కూడా పోల్చుకున్నాను. పాట మధ్యలో నా గొంతు తప్పింది. క్వయర్ మాస్టరు నన్ను కొరకొరా చూసింది. దానికి బాధ్యత నీదే.

నీ దగ్గరికి రావాలనిపించింది. రాలేదు, అక్కడి పద్ధతి అది కాదు కాబట్టి. బల్ల దగ్గర కూడా అందుకే అడగలేదు. మా వీధి గుంతలు ఎంత లోతో నువ్వు చేతులతో కొలిచి చూపిస్తుంటే, మా పాత తమ్ముడు తిరిగొచ్చేశాడులే అనుకున్నాను.

ఇప్పుడు సూటిగా ఒక మాట. కమిటీ వచ్చే వారం మళ్ళీ కూర్చుంటోంది. ఆఖరిసారని పాస్టరు గారు చెప్పారు. నీ కోరిక అదొక్కటే అన్నావు. నా ఏడాది గడిచిపోయింది, నేను ముందు వరసకి వచ్చేశాను. నీ పుస్తకం మళ్ళీ రాదు. స్తంభం తీయాల్సిందేనని నీకింకా ఉంటే రాయి, చెయ్యెత్తుతాను. బేకరీ ఆవిడకి ఏదో ఒకటి చూద్దాం. పంతం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

పొద్దున లేచి ఏం చేయాలో తెలియదన్నావు. తోచకపోతే వచ్చెయ్. మా ఇంటి తలుపులు ఒక్కటీ సరిగ్గా పడటం లేదు.

అక్క


ఆఫీసు నుంచి,
బోర్డు ఇంకా దించలేదు

అక్కయ్యా,

చెయ్యెత్తావంటే ఊరుకోను. ప్లాను వెనక్కి తీసుకుంటున్నానని పాస్టరు గారికి ఇవాళే రాసేశాను. రంగులు బాగున్నాయి కాబట్టి ఆ కాగితం మాత్రం ఆదివారం బడి పిల్లలకి ఇమ్మన్నాను.

ఫొటోల అమ్మాయితో మాట్లాడాను. స్తంభం కనపడకుండా కుడివైపు నుంచి తీస్తానని తనే మంచి మనసుతో అంది. వద్దమ్మా, ఆ బెంచీలో కూర్చుని తియ్యి అన్నాను. "అక్కడి నుంచి తీస్తే స్తంభం తప్ప ఇంకేం కనపడదు సార్" అంది. సరిగ్గా అదే కావాలన్నాను. మరక కూడా పడాలన్నాను. మీ మరదలు విని, "ఈయనకేమైంది?" అని నుదురు పట్టుకు చూసింది.

ఇంకొకటి. మిల్లు కాలనీ చర్చికి బెంచీలు బిగించే ముందు ప్లానులో చిన్న మార్పు చేశాను. నిన్న ఇంజనీరు ఆ కాగితం చూసి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇన్నేళ్ళుగా నా దగ్గర పని చేస్తున్న మనిషి, నా కాగితం మీద స్తంభం ఎప్పుడూ చూసి ఎరగడు. వెనక, ఎడమవైపు, ఓ బెంచీ ముందు, లావుగా.

"పైకప్పుకి ఇది అక్కర్లేదు కదా సార్, ఇదేం మోస్తుంది?" అన్నాడు.

"ఏమీ మోయదు" అన్నాను.

"మరెందుకు?"

"మా అక్క కూర్చోడానికి" అన్నాను.

ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, పునాది ఎంత లోతు తీయమంటారని అడిగాడు. ఎప్పటినుంచో ఇలా ఆనందంగా ఓ గీత గీయలేదే.

వచ్చే నెల వస్తాను. తలుపులు చూస్తాను. స్కేలు తెచ్చుకుంటాను, మీ ఇంట్లోది నమ్మను.

తమ్ముడు


ఇంటి నుంచి,
ఆదివారం, ఆరాధన నుంచి రాగానే

ఒరేయ్ కొలబద్దా,

ఇవాళ బేకరీ ఆవిడ ముందు వరసకి వచ్చింది. కొడుకు ఇంటికొచ్చాడు. ఆవిడ ఖాళీ చేసిన చోట అప్పుడే ఇంకెవరో వచ్చి కూర్చున్నారు. ఎవరో నేను చూడలేదు, చూడకూడదు కదా.

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. అయిదోసారి చదివితే అక్షరాలు అలుక్కుపోయేలా ఉన్నాయని మడిచి పెట్టేశాను. పెద్దదాన్ని, నన్ను ఏడిపించడానికి నీకేం హక్కుందిరా?

మిల్లు వాళ్ళ చర్చికి నాది ఒక్కటే సలహా. కట్టడాల గురించి ఓనమాలు తెలియనిదాన్నే అయినా ఇది మాత్రం విను. కొలత గోడ బయటి వైపు నుంచే తీసుకో.

అక్క